పందికొక్కు ఇంగ్లీషులోకి ఎట్టా పోయింది?

కందుకూరు నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి చదివే వాళ్లబ్బాయికి స్కూల్లో ఇంగ్లీషు మాటల పుట్టుక మీద ప్రాజెక్టు ఇచ్చారట. వాట్సాప్‌లో తిరిగే పొడుగాటి లిస్టు ఒకటి ఆమెకు దొరికింది. న్యూస్ అంటే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్లలో మొదటి అక్షరాలట. శాలరీ అంటే రోమన్ సైనికులకు జీతం కింద ఇచ్చిన ఉప్పట. మనీ అనేది మన 'మణి' అట. క్యాష్ మన కాసు, గోడౌన్ అంటే కిందికి దిగిపోయే గది, బ్యాండికూట్ మన పందికొక్కు. వీటిలో నిజాలేవి, కట్టుకథలేవి, మన తెలుగు మాటలు ఇంగ్లీషులో నిజంగా ఉన్నాయా, ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం ఎలా అని ఆమె అడిగారు. కావలిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ మాటల పిచ్చి ఇంకా వదల్లేదు. కాబట్టి జవాబు కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి అమ్మా.

చూడగానే నవ్వొచ్చేది పందికొక్కు కదా, ఆ లిస్టులో నిఖార్సైన నిజం అదే. బ్యాండికూట్ అనే ఇంగ్లీషు మాట తెలుగు 'పందికొక్కు' నుంచే పోయింది. 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ పదకోశం ఆ మాటే చెబుతుంది, ఆ తర్వాత వచ్చిన పెద్ద డిక్షనరీలూ ఒప్పుకున్నాయి. నెల్లూరు వరిమళ్ల మధ్య పెరిగినవాళ్లకు ఆ జంతువు గురించి నేను చెప్పక్కర్లేదు. గట్టుకు బొక్క పెట్టి నీళ్లన్నీ పక్క మడిలోకి పంపేస్తుంది, కంకులు కొరికి కలుగులోకి మోసుకుపోయి దాచుకుంటుంది. కోతలయ్యాక ఆ కలుగులు తవ్వి వడ్లు ఏరుకోవడం మా చిన్నప్పుడు మామూలే. కంపెనీ దొరలు దక్షిణాదిలో ఇళ్లూ గిడ్డంగులూ పెట్టుకున్నప్పుడు పిల్లి అంత సైజు ఎలుక కనబడింది, వాళ్ల భాషలో దానికి పేరు లేదు. ఊళ్లోవాళ్లు అన్నమాటే వాళ్లూ అన్నారు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. 1788 తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో స్థిరపడుతున్నప్పుడు అక్కడ పొడుగు ముట్టెతో నేల తవ్వే చిన్న జంతువు ఒకటి కనిపించింది. అది ఎలుక కాదు, కంగారూలాగా కడుపు సంచిలో పిల్లల్ని మోసే జాతి. ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. చూపుకు ఇండియాలోని పందికొక్కులా ఉందని దానికీ ఆ పేరే తగిలించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమందికి బ్యాండికూట్ అంటే ఆస్ట్రేలియా జంతువే. 1996లో క్రాష్ బ్యాండికూట్ అనే వీడియోగేమ్ వచ్చింది, మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. ఆ గేమ్ ఆడే అమెరికా పిల్లాడు తెలియకుండానే తెలుగు మాట పలుకుతున్నాడు. కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోళ్లు శుభ్రం చేయడానికి రోబో తయారుచేసి దానికీ బ్యాండికూట్ అని పేరు పెట్టారు. ఆ పేరు మటుకు అర్థం తెలిసే పెట్టారనిపిస్తుంది.

ఇక గోడౌన్. కిందికి దిగే నేలమాళిగ కాబట్టి గో డౌన్ అన్నది కట్టుకథ. ఇంగ్లీషువాళ్లు పరాయి మాట విన్నప్పుడల్లా తమకు తెలిసిన ముక్కల్లోకి దాన్ని విరిచి పలకడం అలవాటు. ఆగ్నేయాసియా రేవుల్లో మలయ్ భాషలో 'గుడాంగ్' అంటే సరుకు దాచే కొట్టు. ఆ మాట పోర్చుగీసు నోటిగుండా ఇంగ్లీషుకు వచ్చింది. మలయ్ వాళ్లకు ఎవరిచ్చారన్న దగ్గరే పేచీ. మన గిడ్డంగి అని కొందరు, తమిళ 'కిడంగు' అని కొందరు అంటారు. మచిలీపట్నం వైపు నుంచి ఆగ్నేయాసియాకు ఓడలు ఎంతగా తిరిగాయో చూస్తే గిడ్డంగి వాదన తోసిపుచ్చదగ్గది కాదని నా అభిప్రాయం. కానీ ప్రాజెక్టులో మీవాడు 'తెలుగు నుంచి వచ్చి ఉండవచ్చు' అని రాయాలి, 'వచ్చింది' అని రాయకూడదు. అంతకంటే నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఇప్పుడు ఒంగోలులో, సింగరాయకొండలో ఏ కొట్టు ముందు చూసినా బోర్డు మీద గోడౌన్ అనే ఉంటుంది, గిడ్డంగి సర్కారు కాగితాల్లోకి పోయింది.

క్యాష్ సగం నిజం, సగం అబద్ధం. ఇంగ్లీషులో ఒకేలా పలికే క్యాష్‌లు రెండున్నాయి. మనం జేబులో పెట్టుకునే క్యాష్ డబ్బుపెట్టె అన్న అర్థం ఉన్న ఫ్రెంచి, ఇటాలియన్ మాటల నుంచి వచ్చింది. మొదట పెట్టె, తర్వాత పెట్టెలోని డబ్బు. క్యాషియర్ కూడా ఆ ఇంటివాడే. రెండో క్యాష్ మాత్రం తమిళం, తెలుగుల కాసు. మద్రాసు కంపెనీ లెక్కల్లో 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 1808లో ఇంగ్లండులో ముద్రించి మద్రాసుకు పంపిన రాగి నాణేల మీద రోమన్ అంకెల్లో ఇరవై వేసి పక్కన క్యాష్ అని చెక్కారు. ఆ నాణేలతో పాటు ఆ క్యాష్ కూడా కాలం చేసింది. మనకు మాత్రం కాసులపేరులో మిగిలింది.

మనీకీ మణికీ చుట్టరికం లేదు. రోములో జూనో దేవతకు మోనేటా అనే బిరుదుతో గుడి ఉండేది. ఆ గుడి దగ్గరే టంకసాల పెట్టి నాణేలు పోశారు. దాంతో దేవత బిరుదే డబ్బుకు పేరైంది. టంకసాలకు ఇంగ్లీషులో వాడే మింట్ కూడా ఆ మోనేటాయే. మన 'మణి'ది సంస్కృతం, దాని దారి వేరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇలాంటి లిస్టులు చేసేవాళ్ల పద్ధతంతా శబ్దం కలిస్తే చాలు, చుట్టరికం కలిపేయడమే. నిజమైన చుట్టాలు చాలాసార్లు ముఖం చూస్తే గుర్తుపట్టలేనట్టు ఉంటారు. ఉదాహరణకు ఇంగ్లీషు వీల్, సంస్కృతం చక్రం రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఒక్క అక్షరం కలవదు, అయినా తోబుట్టువులు. ఆ ఇంట్లోనే గ్రీకులో 'కుక్లోస్' అని ఇంకో తోబుట్టువు ఉంది, దాన్నుంచే సైకిల్ వచ్చింది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక తల్లి పిల్లలై ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఉపన్యాసమిచ్చాడు. అంటే ఇంగ్లీషు సంస్కృతానికి దూరపు తోబుట్టువే గాని కూతురు కాదు. తెలుగుది ఆ కుటుంబమే కాదు. ఆ సంగతి 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు, ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో నిరూపించాడు. ఇంగ్లీషు మాటలన్నీ సంస్కృతం నుంచి పోయాయనే మెసేజీలు వచ్చినప్పుడు ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకుంటే చాలు.

సైకిల్ మాటెత్తాను కాబట్టి సైక్లోన్ చెప్పకుండా ముందుకు పోలేను. ఈ తీరంలో పుట్టినవాళ్లకు అది డిక్షనరీ మాట కాదు గదా. దాన్ని కల్పించిన మనిషి పేరు, పుట్టిన ఊరు రెండూ తెలిసిన మాట అది. హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ కలకత్తాలో ఉంటూ, తుఫానుల్లో చిక్కుకున్న ఓడల లాగ్‌బుక్కులు తెప్పించుకుని చదివేవాడు. ఫలానా గంటకు ఫలానా చోట గాలి ఎటునుంచి కొట్టిందో ఒక్కొక్కటీ మ్యాపు మీద గుర్తుపెడితే, గాలి తిన్నగా పోవడం లేదు, చుట్టలు చుట్టుకుంటోందని తేలింది. పాము చుట్ట అనే అర్థం కూడా వచ్చే గ్రీకు మాట తీసుకుని, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో సైక్లోన్ అని పేరు పెట్టాడు. గ్రీకు పేరే అయినా పుట్టింది బంగాళాఖాతం ఒడ్డున, మన గాలివానల్ని చూసే.

మరి తుఫాను? అరబ్బీ, పారశీకాల్లోని తూఫాన్ మనకు వచ్చింది. ఇంగ్లీషు టైఫూన్‌లో ఆ అరబ్బీ మాట, గ్రీకుల సుడిగాలి రాక్షసుడి పేరు, చైనావాళ్ల 'పెద్దగాలి' అన్నీ కలిసిపోయాయి. ఎవరెవరి పాలు ఎంతో విడదీయడం కష్టం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మావాళ్లెవరూ మరిచిపోలేదు. అది థాయిలాండ్ గల్ఫులో పుట్టింది. అక్కడ ఉన్నన్ని రోజులూ దాన్ని టైఫూన్ గే అన్నారు. సన్నటి భూభాగం దాటి మన సముద్రంలోకి రాగానే సైక్లోన్ అయింది. గాలి అదే, సముద్రం మారితే పేరు మారింది.

మీ అబ్బాయికి ఒక సలహా. వాట్సాప్ లిస్టు పక్కన పెట్టి, మీ చుట్టుపక్కల రోజూ వినపడే ఇంగ్లీషు మాటలే తీసుకోమనండి. మీ వైపు పొగాకు రైతును అడిగితే బ్యారన్ అనకుండా ఒక్క మాట మాట్లాడలేడు. పచ్చాకు కర్రలకు కట్టి, లోపల అరలు అరలుగా వేలాడదీసి, గొట్టాల్లో వేడి పంపి క్యూరింగ్ చేసే ఆ పొడుగాటి గది పేరు అసలు బార్న్. పాత ఇంగ్లీషులో 'బెరె' అంటే బార్లీ, 'ఎర్న్' అంటే ఇల్లు. అది బార్లీ కొట్టన్నమాట. కందుకూరు, కొండపి పక్క బార్లీ గింజ పండదు, అయినా దాని ఇల్లు మాత్రం పొలానికొకటి ఉంది. లోపల ఎండే టొబాకో పేరు కరీబియన్ దీవుల్లోని తైనో జనానిది, స్పెయిన్ ఓడలెక్కి వచ్చింది. మనవాళ్లు ఆ పేరు జోలికి పోకుండా, కాలిస్తే పొగొచ్చే ఆకు కాబట్టి పొగాకు అన్నారు. దీనికంటే మంచి పేరు ఏ భాషలోనూ లేదని నేను పందెం కాస్తాను. చుట్టకు ఇంగ్లీషులో వాడే చెరూట్ తమిళ 'సురుట్టు' నుంచి పోయింది, మన చుట్ట దానికి దాయాది. ఆ పేరు మనదే అని వాదించకండి, తమిళులు ఊరుకోరు. పైగా వాళ్లదే న్యాయం.

చీమకుర్తి వైపు చుట్టాలుంటే గ్రానైట్ తీసుకోవచ్చు. లాటిన్‌లో 'గ్రానుమ్' అంటే గింజ. గింజలు గింజలుగా కనబడే రాయి గ్రానైట్, గింజల పండు దానిమ్మ పామెగ్రనేట్, ఆ పండులా ఉందని చేతిబాంబు గ్రనేడ్. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయి ఇంకా విచిత్రం. గెలాక్సీ అంటే గ్రీకులో పాలకు సంబంధించినది, మనం పాలపుంత అన్నట్టే. నల్లరాయికి పాల పేరు పెట్టి దేశదేశాలకు అమ్ముతున్నాం. గూడూరు అభ్రకం మైకా లాటిన్‌లో చిన్న తునక. శ్రీహరికోట రాకెట్టు ఇటలీలో నూలు వడికేవాళ్లు దూది చుట్టి పెట్టుకునే చిన్న కర్ర. తొలి తారాజువ్వలు ఆ ఆకారంలో ఉండేవి.

నెల్లూరు అనగానే వరి గుర్తొస్తుంది. ఊరి పేరులోనే నెల్లు ఉందని, అంటే వడ్లని, ఒక వాదం. నెల్లి అంటే ఉసిరి చెట్టు, దాని పేరని ఇంకొకటి. ఏదైతేనేం, ఇంగ్లీషువాడు ఇంత వడ్లు పండే నేల మీద నిలబడి మన నుంచి మాట తీసుకోలేదు. ప్యాడీ మలయ్ వాళ్ల 'పాడీ'. రైస్ గ్రీకు, లాటిన్, ఇటలీ, ఫ్రెంచి దారిన చుట్టు తిరిగి వచ్చింది.

ఒంగోలు ఆవు సంగతి మాత్రం మీరు ప్రాజెక్టులో తప్పకుండా పెట్టించాలి. ఇంగ్లీషు కౌ, సంస్కృతం గో, రెండూ నిజంగానే తోబుట్టువులు, మణి, మనీల్లాంటి దొంగ చుట్టరికం కాదు. మన 'ఆవు' అనే మాట వేరు. ఇక క్యాటిల్ అన్న మాటకు మొదట పశువులని కాదు, ఆస్తి అని అర్థం. లాటిన్‌లో ఆస్తిని 'కాపితాలే' అన్నారు. అది ఒక దారిన క్యాటిల్, ఇంకో దారిన క్యాపిటల్ అయింది. ఫీజు కూడా ఇలాంటిదే, ఫీ మాట వెనక పశువు అనే పాత మాట ఉంది. ఊళ్లో ఆస్తి లెక్క గొడ్డూ గోదాతో చూసిన రోజులు వాళ్లకూ ఉండేవి.

ఇంతకంటే పెద్ద కథ బ్రెజిల్‌లో ఉంది. అక్కడ మాంసానికి పెంచే పశువుల్లో పెద్ద వాటా నెలోరె జాతిదే. ఒంగోలు గిత్త సంతతే అది. అయితే దానికి ఒంగోలు పేరు ఎందుకు లేదు? ఓడల మీద ఆ పశువులు బ్రెజిల్‌కు వెళ్లడం మొదలైన 19వ శతాబ్దంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు అటు కలిసింది, 1970లో కొత్త జిల్లా ఏర్పడితే దానికి ముఖ్యపట్టణమైంది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఇక్కడ జిల్లాలు ఎన్ని మారినా బ్రెజిల్ ఆవు మాత్రం పాత అడ్రసే చెబుతోంది. పశువుల శాస్త్రం ఇంగ్లీషు పుస్తకాల్లో కూడా ఒంగోలు, నెలోరె రెండు పేర్లూ పక్కపక్కన కనిపిస్తాయి. జిల్లా మారడమంటే ఏమిటో కందుకూరు వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు.

పుట్టుక ఒకటైతే, అర్థం మారడం ఇంకో ముచ్చట. పిల్లలు దీన్ని ఎక్కువ ఇష్టపడతారు, మన తెలుగులోనూ అచ్చం అలాగే జరిగింది కాబట్టి. ఇంగ్లీషు ఆయిల్ ఆలివ్ నుంచి వచ్చింది, మొదట ఆలివ్ నూనె ఒక్కటే ఆయిల్. మన నూనె అనేది నువ్వు, నెయ్యి అనే రెండూ కలిసి పుట్టిన మాట, మొదట నువ్వులది ఒక్కటే నూనె. ఇప్పుడు వేరుశెనగ నూనె అంటున్నాం, కొబ్బరినూనె అంటున్నాం, ఎవరికీ నువ్వు గుర్తురాదు. ఇంగ్లీషు స్టింక్ ఒకప్పుడు మంచి వాసనకూ వాడేవారు, మన పాత పద్యాల్లో కంపు అంటే సువాసన. రెండు మాటలూ చెడిపోయాయి. డీర్ అంటే పాత ఇంగ్లీషులో ఏ జంతువైనా, తర్వాత జింక ఒక్కటే అయింది. మృగం మనకు జంతువు, కానీ మృగశిర కార్తెలో మృగం జింకే. నైస్ అయితే లాటిన్‌లో 'ఏమీ తెలియని' అన్న మాట నుంచి వచ్చింది. తెలివితక్కువవాణ్ణి నైస్ అనేవారు. మటన్ ఫ్రెంచిలో గొర్రె, నెల్లూరు హోటల్లో మేక.

మీ లిస్టులో మిగిలినవి రెండు. శాలరీలో ఉప్పు ఉన్నమాట నిజం. లాటిన్ సలారియుమ్‌లో ఉన్నది ఉప్పే. సలాడ్, సాస్, సాసేజ్ అన్నిటిలోనూ ఆ ఉప్పే. కానీ సైనికులకు జీతం కింద ఉప్పు కొలిచి ఇచ్చారనడానికి రోమన్ల రాతల్లో ఆధారం లేదు. ఇసకపల్లి ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లు కూడా ఉప్పు జీతానికి ఒప్పుకోరు, రోమన్లు మాత్రం ఎందుకు ఒప్పుకుంటారు? న్యూస్ పచ్చి అబద్ధం. న్యూ అంటే కొత్త, కొత్తవి అని బహువచనం చేస్తే న్యూస్, అంతే. పాత రాతప్రతుల్లో ఆ మాట రకరకాల స్పెల్లింగులతో ఉంది, వాటిలో నాలుగు దిక్కులు సరిపోవు.

దీన్నుంచి ఒక పట్టు దొరుకుతుంది. మొదటి అక్షరాలు కలిపి మాట చేయడం 20వ శతాబ్దం అలవాటు. రాడార్, లేజర్ అలా పుట్టాయి. వందల ఏళ్ల నాటి మాటకు ఎవరైనా అక్షరాల కథ చెబితే నూటికి తొంభై పాళ్లు అబద్ధమే. ఓకే ఒక్కటి గట్టి మినహాయింపు. 1839లో బోస్టన్ పత్రికవాళ్లు 'అంతా సరే' అన్న ఇంగ్లీషు మాటల్ని కావాలనే తప్పు స్పెల్లింగులో రాసి, వాటి మొదటి అక్షరాలతో జోకు వేశారు. ఆ ఏడాది అలాంటి జోకులు చాలా వచ్చాయి, మరుసటి ఏడు ఎన్నికల ప్రచారంలో పడటంతో ఇదొక్కటి బతికిపోయింది.

రెండో పట్టు దారి. మాట ఏ రేవులో ఎక్కింది, ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి పోయింది, మొదటిసారి ఎప్పుడు రాతలో కనిపించింది అని అడగాలి. గోడౌన్‌కు మలయ్ రేవు ఉంది, క్యాష్‌కు మద్రాసు నాణెం ఉంది. మనీకి 'మణి' అంటే ఆ దారి ఎవరూ చూపించలేరు. చూడటానికి ఫోన్ చాలు. ఎటిమాన్‌లైన్ సైట్లో మాట కొడితే తేదీలతో సహా వస్తుంది. హాబ్సన్ జాబ్సన్ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు వైపు బ్రౌన్ నిఘంటువు, ఆంధ్రభారతి సైట్లో ఇంకా చాలా నిఘంటువులు ఉన్నాయి. రెండు చోట్ల ఒకే మాట చెబితే ప్రాజెక్టులో రాయండి. ఒకచోటే ఉంటే 'కొందరి అభిప్రాయం' అని చేర్చండి.

మీ లిస్టులోంచి న్యూస్, మనీ రెండూ కొట్టేయండి. క్యాష్, శాలరీ, గోడౌన్ పైన చెప్పినట్టు సవరించి పెట్టండి. బ్యాండికూట్‌కు ఒక పేజీ ఇవ్వండి, ఆస్ట్రేలియా జంతువు బొమ్మా మన పందికొక్కు బొమ్మా పక్కపక్కన అంటించమనండి. నెలోరె ఆవు ఫొటో నెట్‌లో బోలెడు దొరుకుతాయి, దాని పక్కన ఒంగోలు గిత్తది పెట్టండి. బ్యారన్ కోసం మాత్రం నెట్ వద్దు, వాణ్ణి ఎవరైనా రైతు దగ్గరికి తీసుకెళ్లి లోపలికి తొంగిచూడనివ్వండి. క్యూరింగ్ జరిగేటప్పుడైతే తలుపు దగ్గర వేడి గట్టిగా కొడుతుంది, దూరంగా నిలబడమనండి.